మన్నెపుఁ జరిత్రయు ధర్మనిధులును

చరిత్రపరిశోధనము విద్వాంసుల శ్రమచేత మాత్రమే నెఱవేరునది కాదు. శాసనములను వెదకుటకు ప్రయాణవ్యయము కావలయును. తాళపత్రములకు ప్రతులు వ్రాయించుటకు లేఖకులకు జీతమీయవలయును. వ్రాసినదానిని అచ్చొత్తించుటకు కాగితమును, ముద్రణశాలయు కావలయును. ఈ వ్యయమును వహించినవారెవరు, వారిని ఎవరు ఏ విధముగా అర్థించిరి, ఆ ధనము ఏ విషయమునకు చేరినది, ఏ విషయమునకు చేరలేదు అను ప్రశ్నలును చరిత్రలోని భాగములే. దాతల నామములు గ్రంథపీఠికలయందు కృతజ్ఞతాపూర్వకముగా ముద్రింపఁబడియున్నవి. కాని ఆ దానములనన్నిటిని ఒకచోట చేర్చి, అవి ప్రవహించిన దిక్కును పరిశీలించినచో పీఠికలలో కానరాని యొక తారతమ్యము బయటపడును. ఈ వ్యాసమున రాజవొమ్మంగి మన్నెమును ఉదాహరణముగాఁ గొని ఆ తారతమ్యమును నిరూపింపను, దానిని తొలఁగించుటకు నేఁడు ప్రయివేటు ధర్మసంస్థలను అర్థింపవలసిన పద్ధతిని సూచింపను యత్నింపఁబడును.

రాజవొమ్మంగి తూర్పుకనుమలలో అడ్డతీగెలకును కృష్ణదేవిపేటకును నడుమనున్న గ్రామము. చిరకాలము గోదావరి మన్నెమునకు చెందియుండి, తూర్పుగోదావరి జిల్లాలో మండలకేంద్రమై, 2022 ఏప్రిలులో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్పఁబడెను. కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు మొదలగువారు ఈ ప్రాంతమున నివసించువారు. పూర్వము ఈ కొండలయందు ముఠాదారీపద్ధతి నడచెడిది. కొన్ని గ్రామములు కలిసి ఒక ముఠా. దానిపై శిస్తు వసూలుచేసి పైవారికి చెల్లించువాఁడు ముఠాదారు. 1879లో చిగురుపన్నును, కల్లు గుత్తలును కారణముగా రంప పితూరి బయలుదేరెను. పిమ్మట 1882 నాఁటి మదరాసు అటవీశాసనము పోడువ్యవసాయమునకును, అడవిలోని కట్టెపుల్లకును నిర్బంధములు కల్పించెను. 1922కు పూర్వమే ఈ ప్రాంతమున లాగరాయి పితూరి యను పేర నింకొక కదలిక పుట్టియుండెను.

1922 ఆగస్టు 22వ తేదీని చింతపల్లి, 23వ తేదీని కృష్ణదేవిపేట, 24వ తేదీని రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై అల్లూరి సీతారామరాజు అనుచరులతో దాడి సలిపెను. రాజవొమ్మంగి ఠాణాలో బంధింపఁబడియుండిన మొట్టడము వీరయ్యదొర ఆనాఁడు విడిపింపఁబడెను. తాము తీసికొన్న ఆయుధముల వివరమును సీతారామరాజు ఠాణాపుస్తకములో వ్రాసి సంతకము చేసిపోయెననుట ప్రసిద్ధము. ఇందు చరిత్రకారుఁడు గమనింపవలసినది యొకటి కలదు. ఆ దాడిని గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము సర్కారు కాగితములవలన తెలిసినదే. ఠాణాపుస్తకము, కలెక్టరు నివేదిక, సైన్యాధికారుల తంతివార్తలు, న్యాయస్థానపు వాఙ్మూలములు అను వీనికన్నిటికిని వ్యయమును పెట్టినది ప్రభుత్వము. తనకు వలసినదానిని అది వ్రాయించుకొనెను. అన్నము పెట్టిన యింటివారును, దారిచూపిన పడుచువారును, చాలని కూలికి బాటపని చేసినవారును తమ మాటను వ్రాయించుకొనలేదు. వారియొద్ద వ్రాతయు లేదు, వ్రాయించుటకు ధనమును లేదు.

అదే 1922వ సంవత్సరమున, ఈ కొండలకు నైరృతిదిక్కున గోదావరీతీరమునందలి రాజమహేంద్రవరమున, రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందలయేండ్లు నిండిన సందర్భమున ఆంధ్రేతిహాస పరిశోధకమండలి స్థాపింపఁబడెను. భావరాజు వేంకటకృష్ణరావుగారు మొదలగువారు దానిని పోషించిరి. చాళుక్యుల తామ్రపత్రములు, రెడ్డిరాజుల శాసనములు ఆ మండలి పత్రికయందు ప్రకటితములై దేశచరిత్రకు పునాదులైనవి. ఒకే సంవత్సరమున గోదావరీతీరమున ప్రాచీనచరిత్రకు సభ జరుగుచుండఁగా, పైకొండలలో సమకాలచరిత్ర నడచుచుండెను. ఇది ఆ విద్వాంసులయెడ నాక్షేపణము కాదు. రాగిరేకుపై నున్న యక్షరము వేయేండ్లు నిలుచును. నోటిమాట మనుష్యునితోడనే పోవును. నిలుచుదానిని రక్షించుటకు ధనము దొరకినది, పోవుదానిని నిలుపుటకు దొరకలేదు.

ధనమును అర్థించుటయు, ఇచ్చుటయు మన దేశమునకు క్రొత్తవి కావు. పూర్వచాళుక్యుల దానశాసనములను చదివినవారికి వాని కూర్పు తెలిసినదే. మొదట దాత వంశప్రశస్తి, పిమ్మట ప్రతిగ్రహీత గోత్రము, విద్య, యోగ్యత, దానము జరిగిన సమయము, ఈయఁబడిన భూమి యెల్లలు, పన్నుల విడుదల, దానమును అమలుపఱచు ఆజ్ఞప్తి, కడపట, దత్తమును హరించినవారికి శాపము. రాజరాజనరేంద్రుని నందంపూఁడి శాసనమును రచించినది నన్నయభట్టు. దానమును పొందినది భారతరచనయందు ఆయనకు తోడ్పడిన నారాయణభట్టు. పలుభాషలయందు కవిత్వము చెప్పఁగల ప్రజ్ఞ ఆ శాసనమున ప్రతిగ్రహీత యోగ్యతగా వర్ణింపఁబడినది. అనఁగా విద్యాకార్యమునకు ధనసాహాయ్యము, దానికి కారణము, దాని పరిమితి, దాని రక్షణము అను నాలుగును పదునొకండవ శతాబ్దమునాఁటికే మన భాషాచరిత్రతో ముడివడియున్నవి. నేఁటి ధర్మసంస్థలు అడుగు విజ్ఞాపనపత్రమున నున్న యంశములును ప్రాయికముగా ఇవియే.

ఆధునికకాలమున ఈ పోషణము మూఁడు మార్గముల నడచెను. మొదటిది పరిశోధకుఁడు తన సొంతధనమునే వెచ్చించుట. చార్లెసు ఫిలిపు బ్రౌను కడపయందు పండితులకు జీతములిచ్చి వ్రాతప్రతులను సంస్కరింపించెను. ఆయన నిఘంటువు 1852లో వెలువడెను. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు పర్లాకిమిడియందు సవరలభాషను నేర్చి, వారికి బడులు పెట్టి, వాచకములు వ్రాసిరి. వారి సవరభాషావ్యాకరణగ్రంథము 1931లోను, కోశము 1938లోను మదరాసు ప్రభుత్వముద్రణాలయమున అచ్చుపడినవి. కొండభాష కొకదానికి తెలుఁగువాఁడు చేసిన మహోపకారమిది. ఇందు కొన్ని దశాబ్దముల శ్రమ ఒక ఉపాధ్యాయుని జీవితముపై ఆధారపడినదను విషయమును మఱువరాదు. అట్టి వ్యక్తి జనింపని ప్రాంతమున ఆ పని జరుగలేదు.

రెండవది సంస్థానాధీశుల పోషణము. 1911లో జయంతి రామయ్యపంతులుగారు స్థాపించిన ఆంధ్రసాహిత్యపరిషత్తు మహానిఘంటువునకు పూనుకొనఁగా పిఠాపురాధీశ్వరులగు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహదూరుగారు దానిని పోషించిరి. శ్రీ సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లో వెలువడినది. ఇరువదియైదేండ్లు ఫలము కనఁబడకున్నను దాత విసుగుచెందలేదను విషయము ఇందు ముఖ్యము. మహారాష్ట్రమున భండార్కరు ప్రాచ్యవిద్యాపరిశోధనసంస్థవారి మహాభారతసంశోధితప్రతికి ఔంధు సంస్థానాధిపతి లక్షరూపాయల సాహాయ్యమును వాగ్దానము చేసిరి. 1919లో ఆరంభమైన ఆ కార్యము 1966లోఁగాని పూర్తికాలేదు. ఇట్టి దీర్ఘకార్యములు ఏఁటికేఁడు ఫలమును లెక్కించు దాతవలన నడచునవి కావు.

సంస్థానపోషణలో మనకు మిక్కిలి సమీపమైన యుదాహరణము జయపురము. జయపురసంస్థానము అరకులోయకు ఆనుకొనియున్న కొండసీమ. 1936లో ఒరిస్సారాష్ట్రము ఏర్పడువఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. దాని యధిపతియగు విక్రమదేవవర్మగారు తెలుఁగున కవియు, విద్వత్పోషకుఁడును. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఏఁటికి లక్షరూపాయల సాహాయ్యమును ఏర్పఱిచిరి. అచ్చటి శాస్త్రకళాశాలకు వారి పేరే పెట్టఁబడినది. ఆ దానము మిక్కిలి ఘనమైనది; దానివలన వెలసిన విద్య తెలుఁగుదేశమంతటికిని ఉపకరించినది. అయినను ఆ లక్షరూపాయలు ఎక్కడివి? కొండరైతుల శిస్తు, అడవుల యాదాయము. కొండలనుండి దిగివచ్చిన ధనము సముద్రతీరమున విద్యాలయమైనది. తీరమునందలి పండితులకు అర్థించుట తెలియును, వ్రాయుట తెలియును, సంస్థానద్వారము తెలియును; కొండవారికి ఈ మూఁడును తెలియవు. దాత పక్షపాతము చూపెనని యనరాదు. అడిగినవానికి ఇచ్చెను, అడుగని చోటు ఆయన కంటఁ బడలేదు.

మూఁడవమార్గము నిధిరూపమున స్థిరపడిన ధర్మసంస్థలది. 1948 నాఁటి మదరాసు ఎస్టేట్ల రద్దుచట్టముతో జమీందారుల కాలము ముగిసెను. దానితో విద్వత్పోషణమున నొక ద్వారము మూతవడెను. అంతకుముందే వేఱొక ద్వారము తెఱవఁబడియుండెను. 1913లో న్యూయార్కునందు రాక్‌ఫెల్లరు ఫౌండేషను స్థాపితమైనది. భారతదేశమున జంషెడ్జీ టాటా ఉన్నతవిద్యానిధి 1892లోను, సర్ రతన్ టాటా ట్రస్టు 1919లోను, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లోను ఏర్పడినవి. ట్రస్టు ఏర్పడుటకు పూర్వమే రతన్ టాటాగారు పాటలీపుత్రపు త్రవ్వకములకు ధనమొసఁగిరి. 1913 మొదలు స్పూనరు దొర కుమ్రహారునందు జరిపిన త్రవ్వకములు ఆ ధనమువలననే సాగినవి. పురాతత్త్వమునకు వర్తకుఁడు ధనమిచ్చుటకు ఇంతకంటె స్పష్టమగు నిదర్శన మక్కఱలేదు.

సంస్థానపోషణమునకును ధర్మనిధికిని గల భేదమును గ్రహింపవలయును. సంస్థానాధీశుఁడు వ్యక్తి, ఆయన అభిరుచి, స్నేహము, కీర్తికాంక్ష దానమునకు మూలములు. ధర్మనిధికి ధర్మకర్తలు కలరు, నియమావళి కలదు, లెక్కల తనిఖీ కలదు. రాజును పద్యముతో మెప్పింపవచ్చును. ధర్మకర్తలను కార్యక్రమముతోను, ఆదాయవ్యయపట్టికతోను మెప్పింపవలయును. మనవారికి మొదటి విద్య వేయేండ్లనుండి అలవడినది. రెండవది ఇంకను పూర్ణముగా అలవడలేదు.

ధర్మనిధి ఫలము ఎంత దూరము పోవునో చూపుటకు మన కొండలకే సంబంధించిన యొక దృష్టాంతము కలదు. వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుఁడు 1930 తరువాతి దశకమున రాక్‌ఫెల్లరు ఫౌండేషనువారి విద్యావేతనముతో లండనునకు పోయి అచ్చటి ఆచార్యులయొద్ద క్షేత్రపరిశోధనపద్ధతిని అభ్యసించెను. 1939లో యుద్ధము రాఁగా ఆయన హైదరాబాదు సంస్థానమున ఉండిపోవలసివచ్చెను. నిజాము ప్రభుత్వము ఆదరింపఁగా చెంచులను గూర్చి 1943లోను, గోదావరీతీరపు కొండరెడ్లను గూర్చి 1945లోను గ్రంథములను ప్రకటించెను. లండనులో విద్యావేతనమిచ్చిన ధర్మకర్తలకు పాపికొండల పేరైనను తెలిసియుండదు. వారు ఒక మనుష్యునికి విద్య గఱపిరి; ఆ విద్య కొండరెడ్ల యిండ్లవఱకు వచ్చినది. రెండవసంగతియు దీనివలననే తెలియుచున్నది: కొండరెడ్లను గూర్చిన ఆ గ్రంథము వెలుపలినుండి వచ్చినవాఁడు ఆంగ్లమున వ్రాసినది. ఆ విద్యావేతనమే రాజవొమ్మంగి బిడ్డకు దొరకి, ఆ గ్రంథమే వారి నుడికారమున పుట్టియుండినచో దాని స్వరూపమెట్లుండునో యూహింపవచ్చును.

ఇట నొక యాక్షేపణ రావచ్చును. గిరిజనుల చరిత్రను సేకరించుట ప్రభుత్వధర్మము గాదా, ధనికుల నాశ్రయించుట యేల యని. ప్రభుత్వము చేయవలసినది చేయవలయుననుటలో సందేహము లేదు. కాని రాజవొమ్మంగి విషయమున చరిత్రలో నొక పక్షము ప్రభుత్వమే. ఠాణా దానిది, అడవి దానిది, బాట దానిది, నివేదిక దానిది. ఒక పక్షమువారి కాగితములయందు రెండవ పక్షమువారి మాట నిండుగా దొరకదు. కాఁబట్టి రెంటికిని వెలియైన ధనము కొంత యవసరము. అయితే ప్రయివేటు ధనమునందును దోషము లేకపోలేదు. దాతకు తన పేరు కనఁబడు కార్యము ప్రియమైనది. సీతారామరాజు విగ్రహమునకును, స్మారకమందిరమునకును ధనము సులభముగా దొరకును. వీరయ్యదొర బంధువులు చెప్పు కథను వ్రాసికొనుటకు అంత సులభముగా దొరకదు. శిల పదిమందికి కనఁబడును, మాట కనఁబడదు. అర్థించువాఁడు ఈ భేదమును ముందుగా నెఱిఁగి, దాత కోరికను బట్టి తన పనిని మార్చుకొనక, తన పనికి తగిన దాతను వెదకవలయును.

నేఁటి విధానమున అర్థించుటకు మొదట న్యాయబద్ధమైన రూపము కావలయును. 1860 నాఁటి సంఘముల నమోదుచట్టము, 1882 నాఁటి ట్రస్టుచట్టము మొదలుకొని ఇందుకు మార్గములున్నవి. వ్యక్తిగా అడిగినవానికి విద్యావేతనము దొరకవచ్చును గాని, సంస్థాకార్యమునకు ధనము దొరకుట కష్టము. 2013 నాఁటి కంపెనీలచట్టము పెద్దకంపెనీలు తమ సగటు లాభమున నూటికి రెండువంతులు సామాజికకార్యములకు వెచ్చింపవలెనని విధించెను. ఆ చట్టపు ఏడవ అనుబంధమున జాతీయవారసత్వము, కళలు, సంస్కృతి వీని రక్షణమును, గ్రంథాలయస్థాపనమును పేర్కొనఁబడినవి. చరిత్రసేకరణమునకు ఈ వాక్యమే ద్వారము. విదేశసంస్థలనుండి ధనము పొందుటకు 2010 నాఁటి విదేశవిరాళముల చట్టము ననుసరింపవలయును. 2020లో జరిగిన సవరణవలన ఆ ధనమును పొందిన సంస్థ దానిని వేఱొక సంస్థకు మాఱ్చి యిచ్చుట నిషేధింపఁబడినది. కార్యాలయవ్యయము నూటికి ఇరువదికి మించరాదు. కాఁబట్టి పట్టణమందలి పెద్దసంస్థ విదేశధనము తెచ్చి కొండలయందలి చిన్నసంఘమునకు పంచుట యను పూర్వపద్ధతి నిలిచిపోయినది. చిన్నసంఘము స్వదేశనిధులనైనను అర్థింపవలయును, లేదా తానే యోగ్యత సంపాదింపవలయును.

ఇఁక విజ్ఞాపనపత్రము కూర్పు. దానశాసనపు అంగములనే ఇందు క్రమముగా అన్వయింపవచ్చును.

ఎల్లలు: కొండజాతుల సంస్కృతిని రక్షింతుమని వ్రాసిన పత్రము ఎల్లలులేని దానమువంటిది, అది ఏ ధర్మకర్తకును నమ్మకము కల్గింపదు. రాజవొమ్మంగి, జడ్డంగి, లాగరాయి ప్రాంతపు గ్రామములలో వృద్ధులు చెప్పు పితూరికథలు, ఊరిపేరుల కారణములు, పోడుభూముల పేరులు, పండుగపాటలు వీనిని ఇన్ని నెలలలో సేకరింతుమని వ్రాయవలయును. ఎంత చిన్నదైనను ఎల్ల కనఁబడవలయును.

యోగ్యత: ఈ పని మేమే ఏల చేయవలయు ననుటకు సమాధానము చెప్పవలయును. ఇచ్చట పట్టముకంటె భాషాపరిచయము, ఊరివారి విశ్వాసము మిన్న. పనివారిలో ఆ గ్రామములందు పుట్టిన యువకులును యువతులును ఉండవలయును.

కాలము: ఇప్పుడే ఏల యను ప్రశ్నకు రాజవొమ్మంగియందు ప్రబలమగు సమాధానమున్నది. 1922 నాఁటి సంగతులను కన్నులారఁ జూచిన తరము గతించినది. వారినోట విన్నవారు వృద్ధులైరి. వారి మనుమలకు తెలియునది తఱచుగా పాఠ్యపుస్తకములో చదివినదే. శాసనమును పదేండ్లకు పిమ్మట చదివినను చదువవచ్చును. ఈ పని కట్లు వాయిదా వేయ వీలులేదు.

వ్యయము: ప్రయాణము, పనివారి జీతము, ధ్వనిముద్రణపరికరములు, విన్నదానిని వ్రాతలోనికి తెచ్చుట, అచ్చు, తనిఖీ అని పద్దులు వేఱువేఱుగా చూపవలయును. మాటలాడుటకు ఒకదినపు పని మానుకొన్న వృద్ధునికి ఆ దినపు కూలి యిచ్చుట ప్రత్యేకపు పద్దుగా ఉండవలయును. పండితునికి సంభావన యిచ్చి, కథచెప్పినవానికి వట్టి నమస్కారము చేయుట ధర్మము కాదు.

ఆజ్ఞప్తియు సంరక్షణమును: సేకరించినది ఎచ్చట నుండును, ఎవరు చూడవచ్చును, ఎవరి యనుమతి కావలయు ననునది ముందే నిర్ణయింపవలయును. ఆంధ్రసాహిత్యపరిషత్తు కూడఁబెట్టిన వ్రాతప్రతులు, పురావస్తువులు కాకినాడయందు ప్రభుత్వప్రదర్శనశాలగా నిలిచియుండుట శుభోదాహరణము. ఒక ప్రతి పెద్దగ్రంథాలయమునకు పోయినను, ఇంకొక ప్రతి కథచెప్పిన గ్రామపు బడిలో ఉండవలయును. చెప్పినవారు తమ పేరు వెల్లడింపవలదన్నచో ఆ మాట చెల్లవలయును. పితూరికథలలో ఎవఁడు ఎవని జాడ చెప్పెనను సంగతులుండును. వానివలన నేఁటి కుటుంబములకు కీడు కలుగరాదు.

ఒకసారి నిరాకరింపఁబడిన విజ్ఞాపనము వ్యర్థమైనదని యెంచరాదు. ఆ నిరాకరణమునకు కారణమడిగి, ఎల్లలను సవరించి, వేఱొక ధర్మసంస్థకు పంపుటయే పద్ధతి. దొరకిన చిన్నమొత్తముతో చేసిన పనికి లెక్క సరిగా నొప్పగించుటయే తరువాతి పెద్దమొత్తమునకు సిఫారసు. జమీందారుల కాలమున పరిచయము ఆ పని చేసెను. ఈ కాలమున దానిని రసీదు చేయుచున్నది.

పాఠశాలాపండితులకు ఈ విషయమున ధనముతో పనిలేని మొదటిభాగమొకటి కలదు. రాజవొమ్మంగి, అడ్డతీగెల ప్రాంతములందలి ఉపాధ్యాయులు తమ గ్రామమున ఎనుబదియేండ్లు దాటినవారెవరు, వారు ఏ భాష మాటలాడుదురు, ఏ కథలు చెప్పుదురు, ఊరిచుట్టునున్న కొండలకును వాఁగులకును ఏ పేరులు గలవు అను నాలుగు సంగతులను విద్యార్థులచే వ్రాయించి యుంచినచో, ఏ ధర్మసంస్థకు వ్రాయఁబోవు విజ్ఞాపనపత్రమునకైనను అది ప్రథమపత్రమగును. అట్టి పట్టికలు కొన్ని సిద్ధమైన పిమ్మట ధనమర్థించుట, ధనము వచ్చిన పిమ్మట పట్టికలు సిద్ధపఱచుటకంటె సుకరము. మొదటివారి చేతిలో పని కనఁబడును. రెండవవారి చేతిలో కోరిక మాత్రము కనఁబడును. ధర్మకర్తలు ఎవరిని విశ్వసింతురో వేఱుగ చెప్పనక్కఱలేదు.